యూవీ డై: ట్రాన్స్‌మిషన్ దించే ఖర్చు తప్పింది, అయినా కొన్ని షరతులున్నాయి

ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) దించక తప్పదన్న మెకానిక్ కాగితం మీద నేను సంతకం పెట్టకుండా ఆపింది ఈ చిన్న డై సీసానే. ఆయిల్‌లో కలిపి యూవీ టార్చ్ వేస్తే, లీకైన చోట వెలిగే రంగు ఇది. కాబట్టి దీని మీద నాకు కాస్త అభిమానం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నా.

డాలస్ దగ్గర ఉంటాం. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. బీరపాదు మడికి మట్టి బస్తాలు, ఉగాదికి స్టేజీ సామాను, ఎవరిల్లు మారినా సోఫాలు... తెలుగువాళ్లలో ట్రక్కున్నవాడి బతుకు మీకు తెలియంది కాదు. అలా ఒకసారి ట్రైలర్ లాగి వచ్చాక డ్రైవ్‌వే మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఎరుపంటే ఇంజన్ ఆయిల్ కాదని అర్థమైంది. కానీ నా బండికి ట్రాన్స్‌మిషన్‌లోనే కాదు, పవర్ స్టీరింగ్‌లోనూ, ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోనూ పోసేది ఆ ఎర్ర ఆయిలే.

షాపులో కిందికి తొంగి చూసి, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ ట్రాన్స్‌మిషన్‌కీ మధ్యనుండే గుల్ల) అడుగున తడి ఉంది కాబట్టి ట్రాన్స్‌మిషన్ ముందువైపు పంపు సీలు పోయిందని తేల్చేశారు. ఆ సీలు, ఇంజన్ శక్తిని ట్రాన్స్‌మిషన్‌కి అందించే టార్క్ కన్వర్టర్ వెనక ఉంటుంది. దాని ఖరీదు కొద్ది డాలర్లే, కానీ దాన్ని చేరాలంటే ట్రాన్స్‌మిషన్ మొత్తం దించాలి, ఆ కూలీ వేలల్లో. నాకు నచ్చనిది ఒక్కటే: ఎవరూ ఆ తడి తుడిచి చూడలేదు. హైవే మీద గాలి ఆయిల్‌ని వెనక్కి తోసేస్తుంది. ముందెక్కడో కారింది వెనక్కి పాకి, అన్నిటికంటే కిందున్న చోట చుక్కలుగా రాలుతుంది. చుక్క రాలే చోటు కాదు, తడి మొదలయ్యే చోటు పట్టుకోవాలి.

అందుకే ముందు డీగ్రీజర్‌తో అడుగంతా కడిగాను. ఈ పని చెయ్యకపోతే డై పోసీ దండగే. తర్వాత ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో డై కలిపి, ఆయిల్ బాగా వేడెక్కేదాకా హైవే మీద తిప్పాను. చల్లగా ఉంటే నా బండి చుక్క కూడా వదిలేది కాదు. ఇక చీకటి పడాలి. జూన్‌లో ఇక్కడ తొమ్మిదైతే గానీ చీకటి పడదు!

బండిని ర్యాంపులెక్కించి, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని టార్చ్ వేశాను. బెల్ హౌసింగ్ మీద పసుపుపచ్చగా పల్చటి పొర ఉంది. ఒక్క క్షణం షాపువాళ్లదే నిజమేమో అనిపించింది. కానీ ఫ్రేము పక్కనుంచి ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని చల్లార్చడానికి రేడియేటర్ వైపు తీసుకెళ్లే కూలర్ లైను వెంట చూస్తూ పోతే, ముందుకెళ్లేకొద్దీ వెలుగు చిక్కబడుతోంది. రబ్బరు గొట్టాన్ని ఇనప పైపుకి నొక్కి బిగించిన జాయింటు దగ్గర మిణుగురు పురుగులా ఒక చుక్క. తుడిచాను. ఇంజన్ నడుస్తుండగానే కాసేపటికి మళ్లీ ఊరింది. బెల్ హౌసింగ్ కూడా తుడిచి చూశాను, అక్కడ మళ్లీ తడి రాలేదు. లైను మార్చాను, లీకు ఆగింది.

ఇక అసలు సంగతులు. కిట్‌తో ఇచ్చిన టార్చ్ బాగానే పనిచేసింది గానీ, మూలల్లోకి దాని వెలుతురు చాలదు. తర్వాత పెద్దది విడిగా కొన్నాను. డై పొయ్యడం కూడా పెట్టె మీద రాసినంత తేలిక కాదు. నా బండి ట్రాన్స్‌మిషన్‌కి డిప్‌స్టిక్కే లేదు. పక్కనున్న ప్లగ్గు విప్పి, చేతి పంపుతో ఎక్కించాలి. లెవెల్ చూడాలంటే బండి నాలుగువైపులా సమంగా ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉందో లేదో స్కానర్‌లో చూసుకోవాలి. పోసేటప్పుడు ఒలికిన డై కూడా లీకులాగే వెలుగుతుంది, కాబట్టి వెంటనే తుడిచెయ్యాలి.

నేను అనుకోని లాభం మాత్రం ఈమధ్యే తెలిసింది. ఈసారి వెనకవైపు మళ్లీ ఎర్రటి తడి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని అప్పటినుంచి మార్చలేదు కాబట్టి పాత డై అందులోనే ఉంది. టార్చ్ వేస్తే తడి అస్సలు వెలగలేదు. అంటే అది డై లేని ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేసుది. దాని వెనకవైపు సీలు షాపులోనే మార్పించాను, ఈసారి ఏ సీలో నేనే చెప్పి.

నాకు సొంత గ్యారేజీ ఉంది, ర్యాంపులున్నాయి, బండి కింద పడుకునే ఓపిక ఉంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉండేవాళ్లకి ఇది కుదరకపోవచ్చు. వాళ్లు షాపులోనే డై పోసి చూడమని అడగొచ్చు, దించే ఖర్చు ముందు ఆ రుసుము చిన్నదే. బండికి వారంటీ ఇంకా ఉంటే మాత్రం మీరు ఏమీ కలపకండి, లీకు వెతికే పని డీలర్‌కే వదిలెయ్యండి.