కోఠిలో థీసిస్ స్టాటిస్టిక్స్ సర్వీసు: ఫీజు దేనికి పెట్టాలి, దేనికి వద్దు

ఎక్సెల్ షీటు ఇస్తే మాస్టర్ చార్టు (పేషెంట్ల వివరాలన్నీ ఉండే పట్టిక) సరిచేసి, టేబుళ్లు, గ్రాఫులు వేసి, రిజల్ట్స్ చాప్టరు రాసి చేతిలో పెడతారు. ఎండీ, ఎంఎస్, నర్సింగ్ విద్యార్థులు వెళ్లే సర్వీసులన్నిటి పనీ దాదాపు ఇదే. ఇది కోఠిలోని అలాంటి ఒక సెంటరు గురించి.

చెప్పిన రోజుకి ఇస్తారు. గైడ్ దిద్దమన్నవి మళ్లీ డబ్బు అడక్కుండా దిద్దుతారు. దశాంశాలు, టేబుల్ నంబర్లు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

లెక్కలోకి దిగితే కథ వేరు. ఒక్క టేబులు చూడండి. కొత్త డ్రెస్సింగ్ వేసిన 20 మందిలో ఒకరికి ఇన్ఫెక్షన్ వచ్చింది, పాతది వేసిన 20 మందిలో ఆరుగురికి. రెండు గుంపుల మధ్య తేడాను పరీక్షించే కై స్క్వేర్ టెస్టు వేసి సెంటరు పి వాల్యూ 0.037 అని బోల్డులో ఇచ్చింది. పి వాల్యూ అంటే అసలు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం; 0.05 లోపు ఉంటే "సిగ్నిఫికెంట్" అంటారు. కానీ ఇన్ఫెక్షన్ వరసలో రెండు గడుల్లోనూ ఎక్స్‌పెక్టెడ్ విలువ (తేడా లేకపోతే ఉండాల్సిన సంఖ్య) 3.5 మాత్రమే. 5 కంటే తగ్గితే కై స్క్వేర్‌ను నమ్మకూడదు, చిన్న సంఖ్యలకు వాడే ఫిషర్స్ ఎగ్జాక్ట్ టెస్టు చూడాలి. చూస్తే 0.091 వస్తుంది, అంటే సిగ్నిఫికెంట్ కాదు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి టేబులుకు కై స్క్వేర్ అడిగితే ఫిషర్ విలువ దానంతట అదే వస్తుంది, గడుల గురించి హెచ్చరిక కూడా టేబులు కిందే ఉంటుంది. ఆ కింది వరసలు కత్తిరించి మిగతాది వర్డ్‌లో అతికించారు.

అలాగని కొత్త డ్రెస్సింగ్ పనికిరాదని కాదు. 5 శాతానికీ 30 శాతానికీ తేడా చిన్నదేమీ కాదు. అది నిజమో కాదో 40 మందితో తేలలేదు, అంతే. దాన్ని "తేడా లేదు" అని రాసినా తప్పే. పి వాల్యూ పక్కన 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే హద్దులు) వేయమని అడగండి. ఈ సెంటరు అడిగితేనే వేస్తుంది.

శాంపిల్ సైజు దగ్గర ఇంకా పెద్ద ఇబ్బంది ఉంది. జబ్బు ఎంత శాతం మందికి ఉందో చూసే ప్రివలెన్స్ స్టడీకి వాడేది 4పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే ఉండొచ్చని ముందే అనుకునే శాతం, క్యూ అంటే 100లోంచి పీ తీసేస్తే మిగిలేది, డీ అంటే జవాబులో అటూ ఇటూ ఒప్పుకునే తేడా. పీ 20 శాతం, డీ 5 అయితే 256 మంది కావాలి. అంతమంది దొరకరంటే డీని 10 చేసి 64 అని రాసిస్తారు. లెక్క తప్పు కాదు. కానీ అప్పుడు జవాబు సుమారు 10 నుంచి 30 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, దానితో ఎవరికి ఏం ఉపయోగం? దొరికే పేషెంట్ల సంఖ్య ముందే అనుకుని డీని దానికి సరిపెడితే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

"సిగ్నిఫికెంట్ తెప్పిస్తాం" అనే మాట ఇక్కడా వినిపిస్తుంది. అది వినగానే పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేయండి. అసలు తేడా లేని డేటాలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు వేస్తే, కనీసం ఒకటి 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. ప్రైమరీ అవుట్‌కమ్ (స్టడీలో ముఖ్యంగా చూసే ఫలితం) ఏదో ప్రోటోకాల్‌లోనే, అంటే స్టడీకి ముందు రాసే ప్లానులోనే రాసి, దాన్నే ముందు చూడాలి. మిగతావి ఎన్ని టెస్టులు వేశారో థీసిస్‌లో చెప్పాలి.

రాసిచ్చే కన్‌క్లూజన్లనూ జాగ్రత్తగా చదవండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి చోట్లకు జిల్లాల నుంచి ముదిరిన కేసులు రిఫర్ అయి వస్తాయి. ఓపీలో లెక్కపెట్టిన శాతాన్ని "హైదరాబాద్ జనాభాలో" అని రాయడం కుదరదు.

మార్కులు ఎక్కువగా తగ్గించాల్సింది డేటా విషయంలో. పేషెంటు పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), ఫోన్ నంబరు ఉన్న షీటును వాట్సాప్‌లో పంపమంటారు. పంపకండి. పేరు తీసి కోడ్ నంబరు వేయండి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా డిపార్ట్‌మెంటులో తాళం కిందే ఉండాలి. హెచ్ఐవీ, గర్భస్రావం లాంటి కేసుల్లో పుట్టినతేదీ, ఊరు కూడా తీసేయాలి. ఆ రెండింటితోనే మనిషిని పట్టేయొచ్చు.

ప్రోటోకాల్ ప్యాకేజీలో ఇచ్చే తెలుగు సమ్మతి పత్రం మెషీన్ అనువాదం. "యాదృచ్ఛికీకరణ" అంటే పేషెంటుకు ఏం అర్థమవుతుంది? "మీకు ఏ మందు ఇవ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయిస్తాం" అని రాయాలి. "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినా మీ వైద్యం ఆగదు" అన్న వాక్యం ఇందులో అసలు లేదు. పాతబస్తీ పేషెంట్లు ఉంటే ఉర్దూ పత్రం విడిగా కావాలి. 2009లో మొదలైన ఖమ్మం జిల్లా హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టులో చాలామంది బాలికల పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టును ప్రభుత్వం ఆపేయాల్సి వచ్చింది. ఈ పత్రం విషయంలో సర్దుకుపోవడానికి లేదు.

మందులతో ట్రయల్ అయితే మొదటి పేషెంటును చేర్చుకోకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐలో (ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీలో) రిజిస్ట్రేషన్ రెండూ అయిపోవాలి. 2018 ఏప్రిల్ నుంచి సీటీఆర్ఐ మొదలైపోయిన ట్రయల్స్‌ను తీసుకోవడం లేదు. "తర్వాత చూద్దాం" అన్న సెంటరు సలహా వింటే ఆ దారి మూసుకుపోతుంది.

టైపింగుకు, టేబుళ్లకు ఈ సెంటరు 5కి 4. స్టాటిస్టిక్స్‌కు 2, డేటా భద్రతకు సున్నా. ఫీజు పెట్టాలనుకుంటే పేషెంట్లను చేర్చుకోకముందే, డిజైన్, శాంపిల్ సైజు మీద ఒక గంట కూర్చునే స్టాటిస్టీషియన్‌కు పెట్టండి. మీ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంటులో ముందు అడిగి చూడండి.