28 గంటల నవల: వినాలా, చదవాలా?

కర్నూలు నుంచి అనంతపురానికి బస్సులో సుమారు మూడు గంటలు. వారానికి రెండు ప్రయాణాల లెక్కన నెలకు పైగా ఒకే ఇంగ్లిషు నవల, డాన్ సిమన్స్ రాసిన ‘ద టెర్రర్’, ఆడియోబుక్‌గా విన్నాను. 1845లో ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడల్లో బయలుదేరి, ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచులో చిక్కి 129 మందీ చనిపోయిన జాన్ ఫ్రాంక్లిన్ యాత్ర మీద అల్లిన కథ అది. చరిత్ర చాలదన్నట్టు, మంచులో తిరిగే అంతుపట్టని ప్రాణి ఒకటి. అచ్చుపుస్తకమూ ఇంట్లో ఉంది. పడుకుని చదివితే గుండెల మీద ఇటుక పెట్టుకున్నట్టే.

భయం విషయంలో నాకు అనుమానం లేదు, వినడమే మేలు. కాగితం మీద గుబులు పుట్టించే ఘట్టం వస్తే నా కన్ను ఆగదు. పేజీ అడుగుకు పరుగెత్తి, ఎవరు బతికారో చూసుకుని, మళ్లీ పైనుంచి చదువుతాను. ఆడియోలో ఈ దొంగబుద్ధి సాగదు. మంచు ఒత్తిడికి ఓడ చెక్కలు మూలిగే చోట చదివే మనిషి గొంతు తగ్గించి ఆగుతాడు. ఆగినంతసేపూ మనమూ ఊపిరి బిగబట్టాల్సిందే. ఏప్రిల్ మధ్యాహ్నం గుత్తి దగ్గర, కిటికీ ఊచ చుర్రుమంటున్న వేళ, నా వేళ్లు కొంకర్లు పోయినట్టనిపించింది. త్వరగా ముగిద్దామని ఒకసారి వేగం ఒకటింపావుకు పెంచాను. ఆ మౌనాలన్నీ నలిగిపోయి, భయం కాస్తా క్రికెట్ వ్యాఖ్యానమైంది.

చిక్కంతా కాలంతోనే. ప్రతి అధ్యాయానికీ ముందు పాత్ర పేరు, అక్షాంశ రేఖాంశాలు, నెల, సంవత్సరం వస్తాయి. మొదటి అధ్యాయం 1847 అక్టోబరు, మంచులో. రెండోది 1845 మే, లండన్‌లో. పుస్తకమైతే వేలు అడ్డుపెట్టి వెనక్కి తిప్పి చూసుకుంటాం. డోన్ బస్టాండులో ఉగ్గాని బజ్జీల కేకల మధ్య ఆ తేదీ నా చెవిన పడలేదు. పోయాడనుకున్న ఫ్రాంక్లిన్ నిక్షేపంగా లండన్‌లో తిరుగుతున్నాడు! దయ్యం పనేమోనని పది నిమిషాలు మురిసిపోయాను.

వినడం మనకు కొత్తా అంటారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మలాటలో లంక తగలబడుతుందని పిల్లవాడికీ తెలుసు. కునుకు తీసి లేచినా దారి తప్పం. ఇక్కడా ఓడలు మునిగాయని తెలుసు. 2014లో ఎరెబస్, 2016లో టెర్రర్ సముద్రం అడుగున దొరికాయి కూడా. కానీ ఎవరు ఎలా పోయారన్నదే కథంతా. పామిడి దాకా కునుకు తీస్తే అదే చేజారుతుంది.

ఫోను తెరమీద చదవడమా? బస్సు కుదుపులకు కళ్లు తిరుగుతాయి, అంతే.

ఒక లేఖలో మరో లేఖగా నడిచే నవలైతే అచ్చుపుస్తకమే కొనండి. ఇలాంటిదానికి మాత్రం నా ఓటు చెవికే, చేతిలో పెన్ను ఉంటే. నేను టికెట్టు వెనక తేదీలూ పేర్లూ రాసుకుని, పోయినవాళ్లను కొట్టేస్తూ వచ్చాను. చివరి ప్రయాణంలో అనంతపురం చేరకముందే ఆ టికెట్టు మీద చోటు అయిపోయి, పక్కాయన టికెట్టు అడిగి తీసుకోవలసి వచ్చింది.