క్యాట్ 6 కేబుల్ కొనేవాళ్లు జాగ్రత్త: లోపల రాగి ఉండకపోవచ్చు

ఇంట్లో క్యాట్ 6 (ఇంటర్నెట్ కోసం గోడల్లోంచి వేసే నెట్‌వర్క్ కేబుల్ రకం) లాగించాలనుకుంటున్న వాళ్లు ఇది చదివాకే కొనండి. "ప్యూర్ కాపర్ క్యాట్ 6" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న రోల్ ఒకటి కొన్నాను. వచ్చింది రాగి కాదు, పైన పల్చటి రాగి పూత ఉన్న అల్యూమినియం. సీసీఏ అంటారు దీన్ని. బాక్స్ మీద ఆ మాట ఎక్కడా లేదు. గోడ పైపుల్లోంచి లాగించేశాకే అసలు సంగతి బయటపడింది.

పెట్టిన కొత్తలో అంతా బాగానే నడవడం వల్ల దీని మీద ఎవరికీ అనుమానం రాదు. కొన్నాళ్లకు కంప్యూటర్‌కి ఉన్నట్టుండి కనెక్షన్ పోవడం, కాసేపటికి దానంతట అదే రావడం మొదలైంది. ముఖ్యమైన వీడియో కాల్ మధ్యలో ఇలా జరిగితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. తప్పు బయటి లైన్‌దా, ఇంట్లోదా తేల్చడానికి రౌటర్ అడ్రస్‌కి పింగ్ (జవాబు వస్తోందా అని కంప్యూటర్ పదే పదే అడిగే పరీక్ష) పెట్టి వదిలేశాను. నెట్ పోయినప్పుడల్లా రౌటర్ నుంచి కూడా జవాబు ఆగిపోతోంది. అంటే సమస్య ఇంట్లోనే. లింక్ స్పీడ్ (కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరిన వేగం) చూస్తే 1000 ఎంబీపీఎస్ ఉండాల్సిన చోట 100 ఉంది. మీకూ నెట్ కట్ అవుతుంటే ముందు ఈ అంకె చూడండి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఒక్క తీగ సరిగా అందకపోయినా స్పీడ్ ఇలాగే పడిపోతుంది.

పోర్ట్ మార్చాను, ప్యాచ్ కేబుల్ (గోడ సాకెట్ నుంచి పరికరానికి పెట్టే చిన్న కేబుల్) మార్చాను, నెట్‌వర్క్ కార్డ్‌లో పవర్ సేవింగ్ ఆపాను. తేడా లేదు. అదే కంప్యూటర్‌ని రౌటర్ పక్కన పెట్టి వేరే కేబుల్‌తో కలిపితే మాత్రం ఒక్కసారి కూడా కట్ అవ్వలేదు. ఇక మిగిలింది గోడలో ఉన్న కేబులే. లైట్లు వెలిగే చిన్న టెస్టర్ పెడితే ఎనిమిదీ వరసగా వెలిగాయి! ఆ టెస్టర్ తీగ తెగిందా లేదా, వరస సరిగ్గా ఉందా అన్నదే చూస్తుంది. తీగ ఏ లోహమో, రెసిస్టెన్స్ ఎంతో దానికి తెలియదు.

చివరికి గోడ సాకెట్ విప్పి, ఒక తీగ తొక్క తీసి బ్లేడుతో మెల్లగా గీశాను. ఎర్రటి పొర లేచిపోయి కింద తెల్లగా మెరిసింది. రెండు మూడు సార్లు వంచితే పుటుక్కున విరిగింది. అమ్మిన వాళ్లను అడిగితే "ఇంటి వాడకానికి ఇది సరిపోతుంది, కోసిన రోల్ వాపసు తీసుకోం" అన్నారు. సరిపోదు. టీఐఏ, ఐఎస్‌ఓ అనే సంస్థలు పెట్టిన ప్రమాణాల ప్రకారం క్యాట్ 6 తీగ రాగిదే అయి ఉండాలి. అల్యూమినియం కరెంటుని రాగి కంటే బాగా తక్కువగా, దాదాపు 60 శాతమే మోస్తుంది. సాకెట్ పళ్లు నొక్కిన చోట అది మెల్లగా నలిగి వదులవుతుంది. గాలి తగిలిన చోట పైన పొర కడుతుంది. మొదట బాగుండి తర్వాత చెడేది ఇందుకే. కేబుల్‌లోంచే కరెంటు తీసుకునే పీఓఈ కెమెరాలు పెడితే వేడెక్కే ప్రమాదం కూడా ఉంది. సీసీఏ మీద అవి వాడొద్దు.

కాబట్టి రోల్ రాగానే, లాగక ముందే, చివర కొద్దిగా కోసి తీగని గీసి చూడండి. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే కంగారు పడకండి, అది తగరం పూసిన రాగి. పైన ఎరుపు, లోపల తెలుపు ఉంటేనే మోసం. రెండు చివరలూ అందుబాటులో ఉంటే మల్టీమీటర్‌తో ఒక్కో తీగ రెసిస్టెన్స్ చూడండి. 100 మీటర్లకు 9.38 ఓమ్‌లు దాటకూడదు. చేతిలోకి తీసుకోగానే మరీ తేలిగ్గా ఉన్నా అనుమానించాల్సిందే.

ఇంకో మాట, పెద్ద అంకె చూసి పడిపోకండి. గిగాబిట్‌కి అసలైన రాగితో చేసిన క్యాట్ 5ఈ (క్యాట్ 6 కంటే ముందు రకం) 100 మీటర్ల వరకు హాయిగా పనిచేస్తుంది. నకిలీ 6 కంటే అదే వంద రెట్లు మేలు.

ఇప్పటికే లాగించేసి ఉంటే, పాత కేబుల్‌కే కొత్తది కట్టి గట్టిగా లాగకండి. పైపు మధ్యలో తెగితే బయటికి తీయడం నరకం. వైర్లు లాగే స్టీల్ స్ప్రింగ్ వాడండి. గీసిన తీగ ఫొటో, "ప్యూర్ కాపర్" అని రాసి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ రెండూ దాచుకుని, వాపసు గడువు ముగిసేలోపే ఫిర్యాదు పెట్టండి.