జట్‌పురా గేటు కాకా దుకాణం: మా తాత రికార్డులు మళ్లీ పాడాయి

మా తాత బల్లార్షా స్టేషన్‌లో పాయింట్స్‌మన్. 1929లో కాజీపేట నుంచి ఇక్కడికి లైను పడ్డాక కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే నాగపూర్ పోయి రికార్డు కొనుక్కొచ్చేవాడట. గ్రామఫోను మా మేనత్త పెళ్లి ఖర్చుల్లో అమ్ముడుపోయింది. రికార్డులు మాత్రం ఒక రేకు పెట్టెలో, మంచం కింద, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. మొత్తం 23.

మా బాపుకు ఇప్పుడు 81 ఏళ్లు. బొగ్గు గనిలో పని చేసి రిటైరయ్యాడు. పోయిన ఏడాది జ్వరం వచ్చి లేచాక ఒకటే మాట, "తాత వేసే రైలు పాట వినాలె బిడ్డా" అని. ఏ పాట, ఎవరు పాడారు అంటే తెలియదు. ఫోన్‌లో రైలు పాటలని వెతికి ఇరవై దాకా వినిపించాను. ఒక్కటీ కాదన్నాడు. ఆ పెట్టె బయటికి తీసింది అందుకే.

మొదట వేరే ఊళ్లో ఒక దుకాణానికి ఒక రికార్డు తీసుకుపోయాను. అతను దుమ్ము పోవాలని దూదితో స్పిరిట్ పెట్టి తుడిచాడు. నల్లగా మెరిసే రికార్డు బూడిద రంగుకు తిరిగింది. సూది పెడితే గరగరలే తప్ప గొంతు లేదు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను.

ఆ తర్వాత తెలిసినవాళ్లు చెబితే చంద్రపూర్‌లో జట్‌పురా గేటు లోపల, పాత రికార్డులు కడిగి పాటల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఈ దుకాణానికి వెళ్లాను. బోర్డు లేదు. కింద గడియారాలు బాగుచేసే కొట్టు, దాని పక్కన ఇరుకు మెట్లు. పైన ఒకే గది. దుకాణం నడిపే కాకాది సిరొంచ వైపు. మనతో తెలుగులో, వచ్చేపోయేవాళ్లతో మరాఠీలో మాట్లాడతాడు. పాడైన రికార్డు చేతికివ్వగానే వాసన చూశాడు. "స్పిరిట్ తగిలిందా దీనికి? ఇది లక్క బిడ్డా. మన మోదుగు చెట్ల మీద పురుగు పెట్టే లక్కనే. స్పిరిట్ పోస్తే కరగదా మరి?" అన్నాడు. ఇంకెవరి మీదా కోపం చూపించలేదు. నాకైతే ఈ మనిషికి మిగతా 22 ఇచ్చి నిశ్చింతగా ఇంటికి పోవచ్చు అనిపించింది.

ఆయన పని చేసే తీరు చెబుతాను, ఎందుకంటే డబ్బు ఇచ్చేది దానికే. ముందు రికార్డు మధ్యలో ఉన్న కాగితం తడవకుండా గుండ్రటి ప్లాస్టిక్ మూత బిగిస్తాడు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క షాంపూ వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి తిరిగినట్టే గుండ్రంగా కడుగుతాడు. అడ్డంగా రుద్దడు. గిన్నెల స్టాండ్‌లాంటి చెక్క స్టాండ్‌లో రాత్రంతా ఆరబెడతాడు. మర్నాడు లావు సూది ఉన్న ప్లేయర్ మీద పెడతాడు. తర్వాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డుల సన్నటి సూది వీటికి పనికిరాదట, గాడి అడుగున దొర్లుతుందట. పక్కన ఒక పాత హార్మోనియం ఉంటుంది. అది వాయించడానికి అనుకున్నాను. రికార్డు తిరుగుతుంటే ఒక మెట్టు నొక్కి పట్టి, పాటలో మోగే హార్మోనియంతో కలుస్తోందా లేదా అని వింటాడు. కలవకపోతే స్పీడు వెంట్రుకవాసి తగ్గిస్తాడు, పెంచుతాడు. నిమిషానికి 78 చుట్లు అని పేరే గానీ ఆ కాలంలో అన్నీ కచ్చితంగా అదే వేగంలో నింపలేదట. స్పీడు తప్పితే పాత హిందీ గాయకుడు సైగల్ గొంతు కూడా పిల్లాడి గొంతులా వినిపిస్తుంది. అలా ఒకసారి వేసి చూపించాడు, నిజమే.

ఇక రైలు పాట. ఆ రికార్డు కాగితాన్ని చెదలు తినేశాయి, పేరేమీ లేదు. కాకా ఆ కాగితం చుట్టూ నున్నగా ఉన్నచోట చెక్కిన నంబరును భూతద్దంతో చదివి రాసుకున్నాడు. తర్వాత పాట వేశాడు. నాలుగు గీతలు కూడా కాకముందే "కానన్ దేవి" అని పాడినావిడ పేరు చెప్పాడు. అయినా అంతటితో ఆగలేదు. కాన్పూర్‌కు చెందిన హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' దశాబ్దాల వారీగా కూర్చిన హిందీ సినిమా పాటల జాబితా, హిందీ ఫిల్మ్ గీత్ కోశ్ తీసి, వేలు పెట్టి వెతికి చూపించాడు. 1942లో వచ్చిన 'జవాబ్' సినిమా, 'తూఫాన్ మెయిల్' పాట, సంగీతం కమల్ దాస్‌గుప్తా. లోకమే ఒక తూఫాన్ మెయిల్ అనే పాట అది. రాత్రింబవళ్లు సిగ్నల్ దీపం పట్టుకుని రైళ్లకు దారి మళ్లించిన మనిషి ఆ పాట ఎందుకు కొనుక్కున్నాడో నన్నెవరూ అడగక్కర్లేదు.

ఇంటికొచ్చి బాపు మంచం దగ్గర పెట్టాను. ముందు ఏమీ అనలేదు. తర్వాత వేళ్లు మంచం పట్టె మీద తాళం వేయడం మొదలుపెట్టాయి, పాట కంటే ఒక పిసరు ముందుగా. మూడు నిమిషాల పాట. ఆ రోజు పదకొండుసార్లు వేశాను.

కాకా దగ్గర కూర్చుంటే పేర్లు తెలుస్తాయి, నా దృష్టిలో ఈ దుకాణం అసలు విలువ అదే. ఆ రోజుల్లో చాలా రికార్డుల మీద పాడినవాళ్ల పేరు ఉండేది కాదు, సినిమాలో పాత్ర పేరు వేసేవాళ్లు. 1949 నాటి 'మహల్' పాట 'ఆయేగా ఆనేవాలా' రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, 'కామిని' అని ఉంది. లత పేరు తర్వాత బయటికి వచ్చింది. రానివాళ్లు ఎంతమందో! బాంబే టాకీస్ అనే కంపెనీ తీసిన 'అఛూత్ కన్య' సినిమాకు 1936లో సంగీతం కట్టింది సరస్వతీ దేవి అనే పార్సీ ఆవిడ. 'మై బన్ కీ చిడియా' తెలిసినవాళ్లు కూడా ఆమె పేరు చెప్పలేరు. మొట్టమొదటి టాకీ 'ఆలం ఆరా' పాటలు ఏమైనా దొరుకుతాయా అని అడిగాను. 1931 మార్చి 14న విడుదలైన ఆ సినిమాలో 7 పాటలున్నాయి గానీ వాటిని రికార్డులుగా వేయలేదట, సినిమా ప్రింటూ మిగల్లేదు. ఆ మాట చెప్పి కాకా కాసేపు ఊరుకున్నాడు.

ఒక్కో వైపుకు 120 రూపాయలు. మా 23లో ఒకటి స్పిరిట్‌కు పోయింది, రెండు పగిలినవి. మిగతా 20కి 4,800 అయింది. పగిలిన వాటికి చాలాసేపు కష్టపడ్డాడు, పైసా తీసుకోలేదు. పెన్‌డ్రైవ్‌లో రెండు కాపీలు ఇస్తాడు, ఉన్నది ఉన్నట్టు ఒకటి, కంప్యూటర్‌లో గరగరలు తీసింది ఇంకొకటి. నేను వినేది మొదటిదే. 'రతన్' సినిమాలో జొహ్రాబాయి అంబాలేవాలీ పాడిన 'అఖియాఁ మిలాకే' రెండు రకాలుగా విన్నాను. శుభ్రం చేసినదానిలో ఆ నిండు గొంతు అంచు అరిగిపోయింది. ఆ తరం ఆడవాళ్లు ఛాతీ నుంచి, గొంతు పూర్తిగా తెరిచి పాడారు. కొద్ది ఏళ్లలోనే సినిమాలకు సన్నటి గొంతులే కావాల్సివచ్చి వీళ్లు పక్కకు పోయారు. గరగర ఉన్నా సరే, నాకు ఆ గొంతు కావాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. మూడు వారాలని చెప్పి ఏడు వారాలు చేశాడు. ఫోన్ ఎత్తడు. ఆ మెట్లు పెద్దవాళ్లు ఎక్కలేరు, బాపును తీసుకుపోలేకపోయాను. ఎండాకాలంలో వెళ్తే రికార్డులు బండి డిక్కీలో పెట్టొద్దు, మన చంద్రపూర్ ఎండకు వంగిపోతాయి. పాత చీరల మధ్య నిలబెట్టి, ఒళ్లో పెట్టుకుని తీసుకుపోండి. ఆదివారం తెరవడు.

ఒక్క విషయం చెప్పడం మరిచాను. పెట్టెలో 1943 నాటి 'కిస్మత్' రికార్డు ఉంది, 'ధీరే ధీరే ఆ రే బాదల్', అమీర్‌బాయి కర్ణాటకీ పాడినది. అప్పటి బీజాపూర్ జిల్లాలోని బీళగి ఆవిడది. సినిమా కలకత్తా రాక్సీ థియేటర్‌లో మూడేళ్లకు పైగా ఆడింది. కాకా అది వేసేసరికి నాకు ఒళ్లు జలదరించింది. ఆ వరుస నాకు తెలుసు! మా నాయనమ్మ హిందీ ముక్క రాకపోయినా ఆ వరుసలోనే తెలుగు మాటలు పెట్టి మమ్మల్ని నిద్రపుచ్చేది. ఆవిడ పాటలో 'బాదల్'కు, అంటే మబ్బుకు, బదులు పిల్లి వచ్చేది. అది నాయనమ్మ సొంత పాట అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. సిరొంచలో ఉన్న మేనత్తకు ఫోన్‌లో వినిపిస్తే, అమీర్‌బాయి మీద తన గొంతు కలిపి పిల్లి పాట మొత్తం పాడింది. మర్చిపోలేదు, ఒక్క మాట కూడా.