సొంత సైట్‌కి కంటెంట్ రాసుకునేవాళ్ళు గూగుల్ సెర్చ్ కన్సోల్ ఎందుకు వాడాలి - నా రివ్యూ

సైట్‌కి కంటెంట్ మీరే రాసుకుంటుంటే, నెలనెలా డబ్బులు కట్టే ఎస్ఈఓ టూల్స్ (గూగుల్‌లో సైట్ పైకి రావడానికి వాడేవి) జోలికి పోకముందు గూగుల్ సెర్చ్ కన్సోల్ పెట్టుకోండి. గూగుల్ సెర్చ్‌లో మన సైట్ ఎలా కనపడుతోందో గూగులే చూపించే టూల్ ఇది. పూర్తిగా ఫ్రీ. 2015 దాకా వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్ళు, అదే ఇది. మా పిన్ని వాళ్ళ పచ్చళ్ళ సైట్ నేనే చూసుకుంటా, ఈ రివ్యూ ఆ అనుభవంతోనే.

అసలు సరుకంతా పర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో ఉంది. జనం గూగుల్‌లో ఏం టైప్ చేస్తే మన పేజీ కనపడింది, ఎన్నిసార్లు కనపడింది, ఎంతమంది క్లిక్ చేశారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నాం, అన్నీ చూపిస్తుంది. 16 నెలల వెనక్కి వెళ్ళి చూడొచ్చు కాబట్టి పోయిన ఎండాకాలం ఆవకాయ సీజన్‌ని ఈ సీజన్‌తో పోల్చుకోవచ్చు, మా లాంటి వ్యాపారానికి ఇది చాలా అవసరం.

మా ఆవకాయ పేజీ ముందు ఒక ఏజెన్సీ వాళ్ళు రాసిచ్చారు. రెండు లైన్లకోసారి 'బెస్ట్ ఆంధ్రా మ్యాంగో పికిల్ ఆన్‌లైన్' అని ఉండేది, చదువుతుంటే విసుగొచ్చేది. కన్సోల్‌లో చూస్తే జనం అడిగేది వేరే. ఆవకాయ ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది, బూజు ఎందుకు పడుతుంది, నూనె పైకి తేలకపోతే ఏం చేయాలి, ఇవీ ప్రశ్నలు, అందులో చాలావరకు ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగే. అప్పుడు పిన్నిని కూర్చోబెట్టి అడిగి తను చెప్పింది చెప్పినట్టు రాశా. కాయలు కడిగి తడి లేకుండా తుడిచాకే ముక్కలు కొట్టాలి, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి, నూనె ముక్కల మీదకి తేలేట్టు పోయాలి, జాడీలో తడి గరిటె అస్సలు పెట్టకూడదు. ఆ ప్రశ్నలనే సబ్ హెడ్డింగులుగా పెట్టి, ప్రతిదాని కింద మొదటి వాక్యంలోనే జవాబు ఇచ్చా. తర్వాత క్లిక్స్ పెరిగాయి, అంతకన్నా సంతోషం ఏంటంటే చదివినవాళ్ళు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఉప్పు తక్కువ వేసి పంపుతారా అని అడుగుతున్నారు, అంటే నిజంగా చదివారన్నమాట.

ఇంకోటి చూడండి. ఇంప్రెషన్స్ (అంటే సెర్చ్‌లో మన పేజీ ఎన్నిసార్లు కనపడిందో ఆ లెక్క) బాగా ఉండి క్లిక్స్ రావట్లేదంటే, స్థానం కూడా పైనే ఉంటే, ముందు సెర్చ్‌లో కనపడే పేజీ టైటిల్‌ని అనుమానించాలి. గోంగూర పేజీకి టైటిల్‌లో మా బ్రాండ్ పేరు ముందుండేది, దాన్ని వెనక్కి జరిపి 'గోంగూర పచ్చడి అరకిలో, ఇంట్లో చేసింది' అని పెట్టాక తేడా తెలిసింది. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనపడకుండా పెట్టే మాటల లిస్టు) అని ఇప్పటికీ కొంతమంది డబ్బులు తీసుకుంటున్నారు, ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్‌ని తాము వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, దానికి రూపాయి కూడా ఇవ్వకండి.

లోట్లు లేకపోలేదు. స్క్రీన్ మీద 1000 వరసలకి మించి చూపించదు, చాలా తక్కువమంది వెతికిన మాటలు ప్రైవసీ కోసం దాచేస్తుంది, చిన్న సైట్లకి ఇది బాగా తెలుస్తుంది. వచ్చినవాళ్ళు పేజీలో ఏం చేశారో ఇందులో ఉండదు, దానికి గూగుల్ అనలిటిక్స్ లాంటి వేరే టూల్ కావాలి. కొత్త పేజీని గూగుల్ సెర్చ్‌లో చేర్చుకోమని అడిగే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ నొక్కినంత మాత్రాన గ్యారంటీగా ఎక్కుతుందని కూడా లేదు. సైట్‌ని యాడ్ చేసినప్పటి నుంచే డేటా పోగవుతుంది, అందుకే కంటెంట్ తర్వాత చూద్దాంలే అనుకున్నా ఇది మాత్రం ముందే పెట్టేయండి.

డొమైన్ (సైట్ అడ్రస్) మొత్తం మీదేనని వెరిఫై చేయాలంటే డీఎన్ఎస్‌లో, అంటే ఆ డొమైన్ సెట్టింగ్స్‌లో, ఒక రికార్డ్ పెట్టాలి, చేతకాకపోతే డొమైన్ కొన్నచోట అడగండి, చిన్న పనే. కంటెంట్ బయటివాళ్ళతో రాయించుకున్నా సరే వాళ్ళని యూజర్‌గా యాడ్ చేయండి, ఓనర్‌గా మాత్రం మీ మెయిల్ ఐడీనే ఉండాలి.