సెలీనియం నుంచి ప్లేరైట్‌కి: ఎనిమిది నెలల తర్వాత

మాది బస్సు టికెట్ల సైటు, నేను చేసేది టెస్టింగ్. ఊరూ తేదీ ఇచ్చి వెతికితే బస్సుల జాబితా వస్తుంది. ఒక బస్సు మీద నొక్కితే పేజీ మారకుండా అక్కడే సీట్ల బొమ్మ తెరుచుకుంటుంది, సీటు ఎంచుకోగానే కింద ఛార్జీ మారుతుంది. ఇదంతా జావాస్క్రిప్ట్ పనే. ఏది ఎన్ని సెకన్లకు తెర మీదికి వస్తుందో ముందే చెప్పలేం.

బ్రౌజర్‌ను మనిషి బదులు స్క్రిప్టుతో నడిపి సైటును పరీక్షించే టూల్ సెలీనియం. ఏడేళ్లు దాంతోనే జావాలో స్క్రిప్టులు రాశాను. నాకు ఆటోమేషన్ నేర్పింది అదే, ఆ గౌరవం ఎప్పుడూ ఉంటుంది. షరతు పెట్టి ఆగే వెయిట్లు అందులోనూ ఉన్నాయి. కానీ డెడ్‌లైన్ టెన్షన్‌లో మేం ఇక్కడ మూడు సెకన్లు, అక్కడ ఐదు సెకన్లు అని థ్రెడ్ స్లీప్‌లు, అంటే పేజీ సిద్ధమైనా కాకున్నా అంతసేపే ఆగే లైన్లు, పెట్టుకుంటూ పోయాం. రాత్రి రన్‌లో సర్వర్ కాస్త నెమ్మదిస్తే చాలు, పొద్దున్నే పది పన్నెండు ఫెయిల్. మళ్లీ నడిపితే అన్నీ పాస్. దాంతో డెవలపర్లు మా రిపోర్టు తెరవడమే మానేశారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ప్లేరైట్ కూడా ఇదే పని చేసే టూల్, 2020లో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన ఓపెన్ సోర్స్. క్లిక్ చేయమంటే ముందు బటన్ కనిపిస్తోందా, ఎనేబుల్ అయిందా, పైన ఏదైనా అడ్డం ఉందా, కదలకుండా ఉందా అని తనే చూసుకుంటుంది. కదలకుండా అంటే వరసగా రెండు ఫ్రేముల్లో ఒకే చోట ఉండాలి. మా సీట్ల టెస్టు తరచూ ఎందుకు తప్పేదో నాకు ఇక్కడే తెలిసింది. టెస్టు ఎలా నడిచిందో అడుగడుగూ తర్వాత చూపించే ట్రేస్ వ్యూయర్‌లో ఆ అడుగు తెరిచి చూస్తే, పైనుంచి ఆఫర్ బ్యానర్ దిగుతుంటే సీట్ల బొమ్మ మొత్తం కిందికి జరుగుతోంది. ‘ఇంకా స్థిరంగా లేదు, మళ్లీ చూస్తున్నా’ అన్న అర్థంతో లాగ్‌లో వరసగా లైన్లు. బొమ్మ ఆగాక, 14వ సీటు మధ్యలో, క్లిక్ పడిన చోట, ఎర్రటి చుక్క. పాత స్క్రిప్ట్ ఆగకుండా నొక్కేది, క్లిక్ పక్క సీటు మీద పడేది.

అయితే ఇది అన్నీ చూసుకోదు. జావాలో లొకేటర్ (పేజీలో ఒక బటన్‌నో పెట్టెనో వెతికి పట్టేది) మీద నేరుగా ‘ఈజ్ విజిబుల్’ అని అడిగితే ఆ క్షణానికి ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. అదే మాట అసర్షన్‌లో, అంటే ‘ఇలా ఉండాలి, లేకపోతే ఫెయిల్’ అని చెప్పే లైన్‌లో, రాస్తే ఐదు సెకన్ల వరకూ మళ్లీ మళ్లీ చూస్తుంది. పేరు ఒకటే కావడంతో మా టీమ్‌లో అందరం ఒకసారైనా పొరబడ్డాం.

ఇంకొకటి, సర్వర్ నుంచే తయారై వచ్చే పేజీలు. మా హోమ్ పేజీలో ‘వెతుకు’ బటన్ ముందే కనిపిస్తుంది, కానీ దాని వెనక జావాస్క్రిప్ట్ ఇంకా తగులుకుని ఉండదు. ప్లేరైట్ చూసే షరతులన్నీ సరిపోతాయి, నొక్కుతుంది, ఏమీ జరగదు. టెస్టులో వెయిట్ పెట్టి దాటేయొచ్చు. నేను పెట్టలేదు. నెమ్మదైన ఫోన్‌లో టికెట్ కొనే మనిషికీ ఇదే జరుగుతుంది కదా! బగ్ రాశాను. ఇప్పుడు స్క్రిప్ట్ సిద్ధమయ్యేదాకా ఆ బటన్ డిసేబుల్‌లో ఉంటుంది.

జావావాళ్లు ఒకటి తెలుసుకోవాలి: టెస్టుల్ని తెర మీద చూస్తూ నడిపే యూఐ మోడ్, టెస్టులన్నిటినీ నడిపే సొంత టెస్ట్ రన్నర్ నోడ్‌వాళ్లకే (జావాస్క్రిప్ట్‌లో టెస్టులు రాసేవాళ్లకే). మనం జావా టెస్టు టూల్స్ జేయూనిట్‌తోనో టెస్ట్‌ఎన్‌జీతోనో నడుపుకోవాలి. ప్లేరైట్‌తో వచ్చే వెబ్‌కిట్ (సఫారీ లోపలి ఇంజన్) అచ్చంగా ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్ కాదు కాబట్టి పేమెంట్ పేజీని ఇప్పటికీ ఐఫోన్ చేత్తో పట్టుకునే చూస్తున్నాం.

ఇప్పటికి సగం స్క్రిప్టులు మార్చాం, సీట్లూ ఛార్జీలవే ముందు. మొన్న రాత్రి రన్‌లో ఒకటి ఫెయిలైంది. పొద్దున నేను సిస్టమ్ ఆన్ చేసేలోపే డెవలపర్ మెసేజ్: ‘అక్కా, దాని ట్రేస్ ఫైల్ పంపండి, చూస్తాను.’