చిగుళ్లకు ఏది మేలు: ఎలక్ట్రిక్ బ్రష్షా, మామూలు బ్రష్షా?

నా మాట ముందే చెప్పేస్తాను. చిగుళ్ల వరకే చూసుకుంటే ఎలక్ట్రిక్ బ్రష్‌దే కాస్త పైచేయి. అయితే మామూలు బ్రష్‌తో ఓపిగ్గా, పద్ధతిగా తోముకునేవాళ్లు తొందరపడి మారాల్సిన పనేమీ లేదు. ఆదరాబాదరాగా ముగించేవాళ్లకు, గట్టిగా రుద్దేవాళ్లకు మాత్రం మారమనే చెప్తాను.

చిగుళ్ల జబ్బు మొదలయ్యేది పన్నూ చిగురూ కలిసే అంచు దగ్గర. అక్కడ పాచి పేరుకుంటే చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, బ్రష్ తగలగానే రక్తం వస్తుంది. 1965లో హెరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం డెన్మార్క్‌లో చేసిన ప్రయోగం ఈ సంగతిని తేల్చి చెప్పింది. చిగుళ్లు బాగున్న కొద్దిమంది చేత పళ్లు తోముకోవడం మాన్పించారు. రెండు మూడు వారాల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం రోజుల్లో చాలావరకు సర్దుకున్నాయి. కాబట్టి ఏ బ్రష్ మేలని అడిగితే, ఆ అంచు మీది పాచిని రోజూ ఏది బాగా తీస్తుందో చూడాలి.

వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014 సమీక్షలో 56 పరిశోధనలను పరిశీలించింది. మామూలు బ్రష్ వాడినవాళ్లతో పోలిస్తే ఎలక్ట్రిక్ బ్రష్ వాడినవాళ్లలో మూడు నెలల లోపు పాచి 11 శాతం, చిగుళ్ల వాపు 6 శాతం తక్కువగా కనిపించాయి. మూడు నెలలు దాటాక ఆ తేడా 21 శాతానికి, 11 శాతానికి పెరిగింది. పాచిలో అంత తేడా ఉన్నా వాపులో సగమే ఉండటం గమనించండి. తేడా ఉన్నమాట నిజమే కానీ, ప్రకటనల్లో చూపించేంత లేదు. ఆ పరిశోధనల్లో మిగతా రకాలకంటే ఎక్కువగా పరీక్షించింది గుండ్రటి తల అటూ ఇటూ తిరిగే రకాన్నే. కుచ్చు చాలా వేగంగా కంపించే సోనిక్ రకం కూడా మంచిదే, రెండింట్లో ఏదైనా ఫర్వాలేదు.

ఈ మేలు ఎక్కడి నుంచి వస్తోందంటే, మోటారు బలం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. చాలా మోడళ్లలో రెండు నిమిషాల టైమర్ ఉంటుంది. ముప్పై సెకన్లకోసారి ఆగి మోగి, నోట్లో ఇంకో పక్కకు మారమని గుర్తుచేస్తుంది. రెండు నిమిషాలు తోముకున్నామనుకుంటాం కానీ, గడియారం చూస్తే చాలామందికి నిమిషం కూడా దాటదు. ఇక ప్రెషర్ సెన్సర్. గట్టిగా నొక్కితే లైటు వెలుగుతుంది లేదా వేగం తగ్గుతుంది. నా లెక్కలో డబ్బు పెట్టదగ్గది దీనికే. గట్టిగా రుద్దడం వల్ల చిగురు వెనక్కి జరిగి, పంటి మొదలు బయటపడుతుంది. అలా జరిగిన చిగురు దానంతటది మళ్లీ పైకి రాదు.

మామూలు బ్రష్‌తో ఇదంతా చేతితోనే చేసుకోవచ్చు. మెత్తటి బ్రష్ తీసుకుని, కుచ్చును సుమారు 45 డిగ్రీల వాలుతో చిగురు అంచుకు ఆనించాలి. వేళ్ల చివరలతో పట్టుకుని, ఉన్నచోటే చిన్నగా ఊపాలి. కుచ్చు విచ్చుకుంటోందంటే ఎక్కువ నొక్కుతున్నట్టే. కింది ముందు పళ్ల లోపలి వైపు బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. అందరూ వదిలేసే చోటు అదే, గార ముందుగా పట్టేదీ అక్కడే.

ఎలక్ట్రిక్ బ్రష్ కొన్నవాళ్లు దాన్నీ పాత అలవాటు ప్రకారం బరబరా రుద్దేస్తుంటారు. అలా చేయకండి. ఒక్కో పంటి అంచున ఆనించి, ఒకట్రెండు సెకన్లు ఉంచి, పక్క పంటికి జరిపితే చాలు. మిగతా పని అదే చేస్తుంది. కీళ్లనొప్పులతో చేతులు సరిగ్గా తిరగనివాళ్లకు, పెద్దవాళ్లకు ఒకరు పళ్లు తోమించాల్సిన ఇళ్లలో, ఇది నిజంగా వరమే. క్లిప్పులు పెట్టించుకున్నవాళ్లకూ సౌకర్యంగా ఉంటుంది. ఛార్జింగ్, మాటిమాటికీ తల మార్చే ఖర్చు, పోతే మళ్లీ కొనాల్సి రావడం మాత్రం తప్పవు.

ఏది వాడినా కుచ్చు వంగిపోగానే, లేదంటే మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి.

రెండింటికీ సాధ్యం కాని పనులు కూడా ఉన్నాయి. పళ్ల సందుల్లోకి ఏ బ్రష్షూ సరిగ్గా పోదు, అక్కడికి ఫ్లాస్ గానీ సందుల్లో పట్టే చిన్న బ్రష్ గానీ కావాలి. గట్టిపడిన గార ఇంట్లో పోదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. పొగతాగేవాళ్లకు జబ్బు ముదిరినా రక్తం పెద్దగా కనిపించకపోవచ్చు. వాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు లక్షణాల కోసం ఎదురుచూడకుండా డెంటిస్ట్ చేత పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలిపించుకోవాలి. మూడు మిల్లీమీటర్ల దాకా అయితే సాధారణంగా భయం లేదు. అంతకు మించితే ఏ బ్రష్ కొనాలన్నది తర్వాతి మాట, ముందు చికిత్స.